వేట గేముల్లో ఎగిరే పిట్ట: గురి, పెల్లెట్లు, కాలం

(నెల్లూరులో గేమ్ తయారీ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడతా ఉందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతా. మొదటే ఒక మాట అనుకుందాం. పిట్టల వేట మన దేశంలో నేరం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. నేలపట్టు గూడబాతుల మీద, పులికాట్ ఫ్లెమింగోల మీద ఎవరూ తుపాకీ ఎత్తే మాట ఇక్కడ లేదు. మనం మాట్లాడుకునేది తెర మీద వేట. ఆ గేములు ఎక్కువగా అమెరికా, యూరప్ అడవుల్లో జరుగుతాయి. అక్కడ లైసెన్సు ఉంటుంది, సీజను ఉంటుంది, రోజుకి ఇన్నేనని లెక్క ఉంటుంది. ఆ గేముల్లో తుపాకీ ఎంతవరకు నిజం, పిట్ట ఎంతవరకు నిజం, రేపు మీరు తయారుచేస్తే ఏది సరిచేయొచ్చు, అదీ సంగతి.

వేట గేములు ఆడినోళ్ళు చేతులెత్తండి. బాగానే ఉండారు. దించకండి. బాతుని ఎగురుతుండగా కొట్టినోళ్ళు మాత్రం అట్టే ఉంచండి. చూశారా, చాలా చేతులు దిగినాయి. ఎందుకు? ఆ గేముల్లో ఎక్కువ భాగం జింక కోసం కట్టినవి. నిలబడ్డ జింక, రైఫిల్, టెలిస్కోపు, ఒకే ఒక్క గుండు. దాంట్లో వాళ్ళు ఘనులు, కాదనలేం. గుండు ఎంత దూరానికి ఎంత కిందకి దిగుతుంది, ఊపిరి బిగబడితే గురి ఎంతసేపు నిలుస్తుంది, గుండెకి తగిలిందా పొట్టకి తగిలిందా, అన్నీ లెక్క కడతారు. 2017లో వచ్చిన ద హంటర్: కాల్ ఆఫ్ ద వైల్డ్ అయితే జంతువులకి తరగతులు పెట్టి, తరగతికి మించిన తూటా వాడితే ట్రోఫీ విలువ కోసేస్తుంది. మంచి పద్ధతే. కానీ జింక కోసం కట్టిన లెక్క మీదనే పిట్టని తెచ్చి పెడితే? రైఫిల్ లాగేసి, ఒక్క గుండుకి బదులు పెల్లెట్లు అనే చిన్న చిన్న గుండ్లని ఒకేసారి చల్లే షాట్‌గన్ చేతికిస్తే? అక్కడ వస్తుంది తేడా. తుపాకీలో ఒక్కో మరనీ ఫోటో తీసి బొమ్మ చేస్తారు, భుజానికి ఆనించే కుందా చెక్క మీద చారలు కూడా కనపడతాయి. పెల్లెట్లు బయలుదేరి పిట్ట దాకా పోవడానికి పట్టే కాలాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు. ఎగిరే పిట్ట దగ్గర అసలు చిక్కంతా ఆ కాలమే గదా!

ఇది ఈనాటి అలవాటు కాదు. 1984లో నింటెండో వాళ్ళ డక్ హంట్ వచ్చింది. మీ నాన్నల తరం ఆడి ఉంటారు. దాంట్లో ప్లాస్టిక్ తుపాకీ ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే ఏమవుతుంది? ఒక్క ఫ్రేమ్ పాటు, అంటే తెర మీద ఒక్క బొమ్మ నిలిచేంతసేపు, తెర మొత్తం నల్లబడుతుంది. తర్వాతి ఫ్రేములో బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలుగుతుంది. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి. తుపాకీ లోపల వెలుతుర్ని పసిగట్టే సెన్సార్ ఉంటుంది, దానికి తెల్లగా కనపడితే బాతు పడినట్టు. అంటే వెలుతురు తెర నుంచి తుపాకీలోకి పోతా ఉంది! తుపాకీ నుంచి బాతు వైపు పోయేది ఏదీ లేదు. పాత టీవీల్లో బొమ్మ ఆలస్యం లేకుండా వచ్చేది కాబట్టి ఆ ఉపాయం నడిచింది, ఇప్పటి ఎల్‌సీడీ తెరల మీద నడవదు.

ఇప్పటి గేముల్లో తెల్ల డబ్బా పోయింది, దాని బదులు హిట్‌స్కాన్ వచ్చింది. ట్రిగ్గర్ నొక్కిన ఆ క్షణంలోనే తుపాకీ మూతి నుంచి ఒక గీత గీస్తారు, ఆ గీతకి ఏది అడ్డమొస్తే దానికి తగిలినట్టు. షాట్‌గన్ అయితే ఒక గీతకి బదులు ఎనిమిదో తొమ్మిదో పదో గీతలు, కాస్త చెదరగొట్టి. ఈ తొమ్మిది అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడన్నా ఆలోచించారా?

తూటా విప్పి చూస్తే తెలుస్తుంది. అడుగున ఇత్తడి బిళ్ళ, దాని మధ్యలో ప్రైమర్, అంటే దెబ్బ తగలగానే నిప్పు రాజేసే చిన్న టోపీ. దాని మీద మందు. మందు మీద వాడ్, అంటే ప్లాస్టిక్ గిన్నె లాంటి అడ్డు. ఆ గిన్నెలో పెల్లెట్లు. పైన మూతి మడిచి మూసి ఉంటుంది. 12 బోరు అంటే ఏంది? ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు పట్టేంత గొట్టం. లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. అందుకే 20 బోరు దీనికన్నా సన్నం, నంబరు పెరిగే కొద్దీ గొట్టం తగ్గుతుంది. పెల్లెట్ల నంబరు కూడా అంతే, తలకిందులు. అమెరికా లెక్కలో 17 లోంచి నంబరు తీసేస్తే మిగిలేది అంగుళంలో నూరో వంతులు. 6 నంబరు అంటే 17 లోంచి 6 పోతే 11, అంటే 0.11 అంగుళం, సుమారు 2.8 మిల్లీమీటర్లు. 9 నంబరు 2 మిల్లీమీటర్లు.

ఇప్పుడు సంఖ్యకి వద్దాం. 32 గ్రాముల తూటాలో 6 నంబరు సీసం పెల్లెట్లు 250 దాకా పడతాయి. మరి తొమ్మిది? అది డబుల్ ఓ బక్‌షాట్ తూటాలో లెక్క. ఒక్కోటి 8.4 మిల్లీమీటర్ల గుండు, మామూలు తూటాలో తొమ్మిది పడతాయి. అది జింకకి, యుద్ధానికి వాడేది. షూటింగ్ గేముల్లో దాన్నే లెక్కలోకి తీసుకున్నారు. తర్వాత వేట గేములు ఆ లెక్కనే పిట్టకి కూడా తగిలించినాయి.

దాంతో ఏమవుతుందో చూడండి. కొంచెం లెక్క చెప్తా, భయపడబాకండి. షాట్‌గన్ పరీక్షకి ఒక పాత కొలత ఉంది. 40 గజాల దూరం, అంటే 36.6 మీటర్లు. అక్కడ 30 అంగుళాల వృత్తం, అంటే 76 సెంటీమీటర్లు. ఆ వృత్తంలో పెల్లెట్లు నూటికి ఎన్ని పడ్డాయి అనేది చూస్తారు. గొట్టం మూతి దగ్గర కొద్దిగా సన్నం చేస్తారు, దాన్ని చోక్ అంటారు. చోక్ లేని సిలిండర్ గొట్టానికి 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కి 50, మాడిఫైడ్‌కి 60, ఫుల్ చోక్‌కి 70. మాడిఫైడ్ తీసుకుంటే 250లో 150 ఆ వృత్తంలో ఉండాయి. వృత్తం వైశాల్యం సుమారు 4,500 చదరపు సెంటీమీటర్లు. అంటే 30 చదరపు సెంటీమీటర్లకి ఒక పెల్లెట్. బాతు ఒళ్ళు 200 అనుకోండి. సగటున ఆరేడు తగులుతాయి. నాలుగైదు తగిలితే బాతు పడుతుందని లెక్క. సరిపోయింది.

అదే వృత్తంలో మీ గేము ఎనిమిది గీతలు గీస్తే? సగటున మూడో వంతు పెల్లెట్ తగులుతుంది. అంటే గురి సరిగ్గా పెట్టినా పదిసార్లలో ఏడుసార్లు ఒక్కటి కూడా తగలదు. ఆటగాడు ఊరుకుంటాడా? తిడతాడు. అప్పుడు డెవలపర్ ఏం చేస్తాడు? చెదురుడు తగ్గించి గీతల్ని ఒక చోటకి చేరుస్తాడు, షాట్‌గన్ రైఫిల్ అయి కూర్చుంటుంది. లేదంటే బాతు చుట్టూ కనపడని డబ్బాని గుమ్మడికాయంత చేస్తాడు, రెక్క పక్కన ఖాళీ గాలిని కొట్టినా బాతు పడుతుంది. రెండూ ఆడేవాడికి తెలిసిపోతాయి. కారణం చెప్పలేడు గానీ, ఏదో తేడాగా ఉందంటాడు.

మరి 250 గీతలు గీద్దామా? వద్దు, ఫోన్ వేడెక్కి చేతిలో పెట్టుకోలేరు. అక్కర్లేదు కూడా. పొలంలో వడ్లు చల్లినట్టే పెల్లెట్లు కూడా, మధ్యలో ఒత్తుగా, అంచులకి పోయే కొద్దీ పలచగా. దాన్ని గాసియన్‌గా, అంటే మధ్యలో ఎత్తుగా అంచుల్లో పల్లంగా ఉండే గంట ఆకారపు లెక్కగా, తీసుకుంటే నూటికి తొంభై పాళ్ళు పని అయిపోయినట్టే. పైన చెప్పిన శాతాల నుంచి సిగ్మా, అంటే మధ్య నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, లెక్క కట్టొచ్చు. 36.6 మీటర్ల దగ్గర సిలిండర్‌కి 38 సెంటీమీటర్లు, ఇంప్రూవ్డ్‌కి 32, మాడిఫైడ్‌కి 28, ఫుల్‌కి 25. రాసుకుంటా ఉండారా? దూరంతో పాటు అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోండి. 18 మీటర్లకి సగం, 55 మీటర్లకి ఒకటిన్నర రెట్లు.

ఇక తూటా పేలినప్పుడు మీ కోడు చేయాల్సింది ఏంది? మొదట, పెల్లెట్లు పిట్ట దూరానికి చేరే సమయం చూడండి. ఆ సమయానికి పిట్ట ఎక్కడ ఉంటుందో చూడండి. చల్లుడు నడిమధ్యకీ ఆ చోటుకీ ఎంత ఎడం ఉందో కొలవండి. ఆ ఎడం దగ్గర చదరపు సెంటీమీటరుకి ఎన్ని పెల్లెట్లో గాసియన్ చెప్తుంది. దాన్ని పిట్ట వైశాల్యంతో గుణిస్తే సగటు వస్తుంది. ఆ సగటుతో పాయిసాన్ నుంచి, అంటే సగటు ఇస్తే ఈసారి ఎన్ని తగిలాయో చీటీ తీసినట్టు చెప్పే సూత్రం నుంచి, ఒక సంఖ్య లాగండి. సున్నా వస్తే తప్పింది. ఒకటి నుంచి మూడు దాకా వస్తే గాయం. నాలుగో అంతకన్నా ఎక్కువో వస్తే పడింది. గీతలు గీయకుండా, ఒక్క లెక్కలో అయిపోయింది. ఇదే సూత్రంతో మాడిఫైడ్‌లో నడిమధ్యన ఉన్న బాతుకి 36 మీటర్ల దగ్గర సగటు పది వస్తుంది, 55 మీటర్ల దగ్గర నాలుగున్నర. అంచుల్లో ఇంకా తక్కువ. అందుకే నిజంలో కూడా 35, 40 మీటర్లు దాటితే బుద్ధి ఉన్నోడు కాల్చడు. మీరు ఇంత దూరం దాటితే డ్యామేజీ సున్నా అని గోడ కట్టాల్సిన పని లేదు, లెక్కే ఆపుతుంది.

గోడ అంటే గుర్తొచ్చింది, ఇంకో అబద్ధం. గొట్టం కోసేసిన తుపాకీ. గేముల్లో దాంతో కాలిస్తే గది గదంతా చల్లుతుంది. గొట్టం కోస్తే చోక్ పోయి సిలిండర్ అవుతుంది, అంతే. 5 మీటర్ల దగ్గర సిగ్మా 5 సెంటీమీటర్లు. గురి కొంచెం పక్కకి పోతే కొబ్బరికాయ కూడా తప్పిపోతుంది. సరే, అది మన పిట్టల సంగతి కాదు, వదిలేద్దాం.

ఇక కాలం. 12 బోరు పెల్లెట్లు మూతి దగ్గర సెకనుకి 366 మీటర్లు, అంటే 1,200 అడుగుల వేగంతో బయలుదేరతాయి అనుకుందాం. చిన్న గుండ్రటి సీసం, గాలి పట్టి లాగుతుంది, వేగం తొందరగా పడిపోతుంది. 36.6 మీటర్లు పోవడానికి 6 నంబరుకి దాదాపు 0.14 సెకను. తక్కువే గదా అంటారు. బాతు వేగం గంటకి 65 కిలోమీటర్లు, అంటే సెకనుకి 18 మీటర్లు. 0.14తో గుణించండి. రెండున్నర మీటర్లు! అడ్డంగా పోయే బాతు మీద గురి పెట్టి కొడితే, పెల్లెట్లు చేరేసరికి బాతు రెండున్నర మీటర్లు ముందుంది. అదే 0.14 సెకనులో భూమి లాగేది 10 సెంటీమీటర్ల లోపు. కొన్ని గేముల్లో పెల్లెట్లకి గురుత్వాకర్షణ పెట్టాం అని గొప్పగా చెప్పుకుంటారు, పిట్టకి ముందుగా గురి పెట్టాల్సిన అవసరం మాత్రం పెట్టరు. పది సెంటీమీటర్లకి లెక్క ఉంది, రెండున్నర మీటర్లకి లేదు!

పెల్లెట్లన్నీ ఒకేసారి చేరవు, బారుగా సాగి పోతాయి, ఆ దూరానికి ముందుదానికీ వెనకదానికీ రెండు మూడు మీటర్ల ఎడం ఉంటుంది. దీన్ని కూడా పెట్టాలా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ బారు మొత్తం దాటడానికి 15 మిల్లీసెకన్ల లోపే పడుతుంది, ఒక్క ఫ్రేమ్. ఆ లోపల బాతు పావు మీటరు కదులుతుంది. నా మాట వింటే దాని జోలికి పోబాకండి.

ఫ్రేమ్ అన్నాం గదా. ఇక్కడ మీ మీద మీరే దెబ్బ వేసుకునే చోటు ఒకటుంది. సెకనుకి 60 ఫ్రేములు వస్తే ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. ఆ ఒక్క ఫ్రేములో బాతు 30 సెంటీమీటర్లు పోతుంది. 30 ఫ్రేములే వచ్చే ఫోన్లలో 60 సెంటీమీటర్లు. మౌసు, తెర అన్నీ కలిపి 80 మిల్లీసెకన్ల ఆలస్యం ఉందనుకోండి, బాతు 1.4 మీటర్లు. అంటే మీరు హిట్‌స్కాన్ పెట్టినా ఆటగాడు కొంత ముందే కొట్టాల్సి వస్తుంది, ఎంత ముందో అతని టీవీని బట్టి మారుతుంది. మీరు కాలాన్ని నిజంగా పెడితే అది ఈ ఆలస్యంతో కలిసి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకని ఏం చేయాలి? గేము మొదట్లో ఆలస్యం కొలిచే చిన్న పరీక్ష పెట్టండి, పాటల గేముల్లో పెడతారు చూడండి, అట్టా. వచ్చిన మిల్లీసెకన్లని పెల్లెట్ల కాలంలోంచి తీసేయండి. లేదంటే తీరా విడుదలయ్యాక ఒకడు సులువంటాడు, ఒకడు అసాధ్యమంటాడు, ఇద్దరిదీ నిజమే అవుతుంది.

మరి నిజంలో షాట్‌గన్ పట్టినోడు రెండున్నర మీటర్లు కొలుచుకుని కొడతాడా? కొలిస్తే తగలదు. తుపాకీని పిట్ట వెనక నుంచి లాగి, పిట్టని దాటించి, దాటుతుండగా నొక్కి, నొక్కిన తర్వాత కూడా తిప్పుతూనే ఉంటాడు. తుపాకీ కదులుతూ ఉంది కాబట్టి కంటికి కనపడే ఎడం తక్కువే. నొక్కే క్షణంలో చెయ్యి ఆగిపోతే పెల్లెట్లు వెనక పోతాయి. తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. గేములో దీన్ని నేర్పొచ్చు, మౌసు వేగం ఆ క్షణంలో పడిపోయిందో లేదో మీకు తెలుసు గదా. రీప్లేలో చల్లుడు ఎక్కడ పోయిందో ఒక వృత్తం గీసి చూపించండి. వెనక పోయింది, చెయ్యి ఆగింది, ఇట్టా ఒక్క ముక్క చెప్పండి. పది తూటాల్లో నేర్చుకుంటాడు.

ఇంకొకటి, కుడి బటన్ నొక్కితే కన్ను దగ్గరకి పోయి తెర జూమ్ అవుతుందే, అది రైఫిల్ అలవాటు. షాట్‌గన్‌కి వెనక గురి ఉండదు. మూతి దగ్గర ఒక చిన్న పూస, అంతే. రెండు కళ్ళూ తెరిచి పిట్టనే చూస్తారు, చెంప కుందా మీద ఆనుతుంది. జూమ్ చేస్తే చూపు మేర ఇరుకై పిట్ట తెరలోంచి బయటకి పోతుంది. జూమ్ తీసేయండి. పూస కొద్దిగా మసకగా, పిట్ట స్పష్టంగా చూపించండి.

తుపాకీ బొమ్మ దగ్గర చిన్న చిన్నవి కొన్ని. జంట గొట్టాల తుపాకీకి రెండు ట్రిగ్గర్లుంటే, మామూలుగా ముందుది కుడి గొట్టం, చోక్ తక్కువ. వెనకది ఎడమ గొట్టం, చోక్ ఎక్కువ. దగ్గరి పిట్టకి ఒకటి, దూరమైపోయిన పిట్టకి ఇంకొకటి. ఈ ఎంపిక ఆటగాడికి ఇస్తే ఎంత బాగుంటుందో, చాలా గేములు ఎగ్గొడతాయి. ఎజెక్టర్ ఉన్న తుపాకీ విరిచి తెరిస్తే పేలిన డొప్ప మాత్రమే ఎగిరి పడుతుంది. పేలని తూటా కొద్దిగా లేచి అక్కడే ఉంటుంది. గేముల్లో ఒక్కటే కాల్చినా రెండూ ఎగురుతాయి, నవ్వొస్తుంది. అమెరికాలో వలస పిట్టల మీద మూడు తూటాలకి మించి పట్టే షాట్‌గన్ వాడకూడదు, పంపు తుపాకీ మ్యాగజైనులో, అంటే తూటాలు నింపే గొట్టంలో, కర్ర ముక్క లాంటి అడ్డు పెడతారు. నీటి పిట్టల మీద సీసం వాడకం 1991 నాటికి దేశమంతటా ఆగిపోయింది, చెరువు అడుగున పడ్డ సీసాన్ని బాతులు ఇసుక రాళ్ళనుకుని మింగి చస్తున్నాయని. దాని బదులు ఉక్కు. ఉక్కు సీసం కన్నా తేలిక, వేగం తొందరగా పోతుంది, అందుకే రెండు నంబర్లు పెద్దది వాడతారు, సీసం 6 బదులు ఉక్కు 4. గేములో పేరు మార్చి లెక్క మార్చకపోతే ఆ తూటా ఎందుకు?

ఇక పిట్ట వైపు. జింకల గేములో గాలి మీటరు ఉంటుంది, మన వాసన జింకకి పోతుందా అని. దాన్ని అట్టే బాతులకి పెడతారు. బాతు మన వాసన పట్టి పారిపోదు, కదలికని చూసి పారిపోతుంది. మరి గాలి అక్కర్లేదా? చాలా కావాలి, వేరే కారణానికి. నీటి మీదకి దిగే పిట్ట గాలికి ఎదురుగా దిగుతుంది, లేచేటప్పుడూ ఎదురుగానే లేస్తుంది. అందుకే వేటగాడు గాలి తన వీపుకి తగిలేట్టు కూర్చుని, బొమ్మ బాతులు తేలేసి, మధ్యలో దిగడానికి ఖాళీ వదులుతాడు. ఈ ఒక్క నియమం మీ కోడులో పెడితే ఎక్కడ కూర్చోవాలి అనే ఆలోచన ఆటలోకి దానంతటదే వస్తుంది.

లేచే తీరు కూడా జాతికొకటి. సూదితోక బాతు, పరజ నీటి మీద నుంచి నిట్టనిలువుగా ఎగిరిపోతాయి. ఫ్లెమింగోకి నీళ్ళ మీద పరుగు తీయాలి. కౌజు పిట్ట కాలి కింద నుంచి బర్రుమని లేచి, తక్కువ ఎత్తులో నేరుగా పోయి, కొంచెం దూరంలో దిగిపోతుంది. మడి గట్ల మీద ఉల్లంకి లేస్తే అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది. ఇవన్నీ చూడటానికి అమెరికా పోవాలా? చలికాలంలో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పోతే రెండు పక్కలా పులికాటే. ఫోనులో 60 ఫ్రేముల వీడియో తీసుకుని, లేచే పిట్ట రెక్కలు ఎన్ని ఫ్రేములకి ఒకసారి కొడుతుందో, ఎన్ని ఫ్రేములకి కాళ్ళు ముడుస్తుందో లెక్కపెట్టండి. దూరంగా నిలబడి తీయండి, పిట్టల్ని లేపడానికి రాళ్ళు వేయబాకండి.

చాలామంది ఒలింపిక్ షూటింగ్ చూసి పిట్ట కదలిక రాస్తారు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌కి వెండి వచ్చిందే, అందులో కొట్టేవి మట్టి బిళ్ళలు. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. గురి నేర్చుకోవడానికి బాగుంటుంది, పిట్టకి మాత్రం తలకిందులు. బిళ్ళ యంత్రం నుంచి బయటపడ్డప్పుడు వేగం అంతా ఉంటుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. నేల నుంచి లేచే పిట్టకి మొదట వేగం తక్కువ, తర్వాత పెరుగుతూ పోతుంది. బిళ్ళకి రాసిన కోడుకి ఈకలు అతికిస్తే ఎట్టా?

చప్పుడు సంగతి. తుపాకీ పేలగానే చెరువు మీద పిట్టలన్నీ ఒకే ఫ్రేములో లేస్తాయి, ఏ గేము చూసినా దాదాపు అంతే. శబ్దం సెకనుకి 340 మీటర్లు. 300 మీటర్ల అవతల గుంపుకి అది చేరేసరికి సెకనులో పదింట తొమ్మిది వంతులు. దగ్గర గుంపు ముందు, దూరం గుంపు తర్వాత, అల లాగా లేవాలి. ఒక్క భాగహారం, అంతే పని.

పడే పిట్ట. గేములో రాయి పడ్డట్టు నిలువుగా పడుతుంది. 20 మీటర్ల ఎత్తున సెకనుకి 18 మీటర్ల వేగంతో పోయే బాతు రెక్క ముడిస్తే నేలకి రావడానికి 2 సెకన్లు. గాలి అడ్డు లేకపోతే ఈలోగా 36 మీటర్లు ముందుకి పోవాలి. గాలి అడ్డుంది కాబట్టి తగ్గుతుంది, అయినా కొట్టిన చోటుకి చాలా ముందు పడుతుంది, తుంగలోనో జమ్ములోనో. ఒకటో రెండో పెల్లెట్లు తగిలింది అయితే రెక్క వాల్చి జారుకుంటూ పోయి, దిగి, జమ్ములోకి పరుగెత్తుతుంది. దాన్ని వెతకడానికే వాళ్ళకి కుక్క. మ్యాపు మీద మెరిసే గుర్తు పెట్టి ఈ భాగాన్ని తీసేస్తారు. తీసేసినందువల్ల దూరం నుంచి కాల్చినా నష్టం లేదు, గాయపడి పోయిన పిట్టకి లెక్క లేదు. గాయపడి దొరకని పిట్టని కూడా ఆ రోజు కోటాలో కలపండి. 60 మీటర్ల నుంచి కాల్చే అలవాటు దానంతటదే పోతుంది.

చివరిగా, మీ గేము సరిగ్గా ఉందో లేదో పరీక్ష. నిజం తుపాకీకి చేసేదే చేయండి. ఖాళీ లెవెల్లో 36.6 మీటర్ల దూరంలో తెల్ల గోడ పెట్టండి. ఈ పరీక్షకి మాత్రం పాయిసాన్ పక్కన పెట్టి, అదే గాసియన్ నుంచి 250 చుక్కలు గోడ మీద వేయించండి. ఎక్కువ ఒత్తుగా పడ్డ చోట నడిమిగా 76 సెంటీమీటర్ల వృత్తం గీయండి. లోపల పడ్డవి లెక్కపెట్టి 250తో భాగించండి. మాడిఫైడ్ చోక్‌కి 60 శాతానికి అటూ ఇటూగా రావాలి. ఒక్క తూటాతో తేల్చబాకండి, పది తూటాలు కాల్చి సగటు చూడండి. తర్వాత గోడ తీసేసి, 18 మీటర్ల వేగంతో అడ్డంగా పోయే డబ్బా ఒకటి పెట్టి, దాని మీదనే గురి పెట్టి కాల్చండి. తగిలిందంటే మీ కోడులో ఎక్కడో ఇంకా హిట్‌స్కాన్ దాక్కుని ఉంది, వెతకండి. ప్రశ్నలుంటే అడగండి, మైకు ముందు వరసకి ఇస్తా ఉండా.